మా మనిషండీ

తమ్ముడట! రక్తానికి తమ్ముడే, వరసకు తమ్ముడే, నియమావళి ప్రకారమైతే సాక్షాత్తూ తమ్ముడే. అయినా ఆ కుర్చీలో కూర్చున్న వీర్రాజు తలలోంచి, పక్క మంచం మీద స్పృహ లేకుండా పడి ఉన్న నూకరత్నం తలలోకి జ్ఞాపకం పిసరంతైనా చేరడం లేదు. తెర మీద ఆకుపచ్చ గీత ఎంత చదునుగా మొదలైందో అంత చదునుగానూ సాగిపోతోంది.

"ఇంకాస్త గుర్తు తెచ్చుకోండి," అంది కాళింది. గొంతులో కోపం బయటపడకుండా జాగ్రత్తపడింది. "మీ అక్కతో గడిపిన రోజులు. ఏదైనా సరే. కలిసి తిన్నదీ, తిట్టుకున్నదీ."

వీర్రాజు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. తీగల టోపీ కింద నుంచి చెమట కారుతోంది. "పెళ్ళిపీటల మీద కూర్చోనని అక్క ఇల్లొదిలి వెళ్ళిపోయే నాటికి నాకింకా మీసాలే రాలేదండీ. ఆ తర్వాత దాని పేరెత్తితే చాలు, మా నాన్న కంచం విసిరేసేవోడు. నాకా కంచం గుర్తొస్తోందండి. అక్క రావట్లేదు."

కాళింది మీట కట్టేసింది. పాపం, అతన్ని అని లాభం లేదు. అతని దగ్గర లేనిది అతనెక్కడి నుంచి తెస్తాడు? ఉన్న మనిషి తలుపు అవతల వరండాలో కూర్చుని ఉంది. ఆమెను లోపలికి రానివ్వకూడదట. అది తలుచుకుంటేనే కాళిందికి ఒళ్ళు మండిపోతోంది.

యంత్రం పేరు పిలుపు. ఆ పేరు కాళిందే పెట్టింది. ఏళ్ళ తరబడి ఒక ఇంట్లో మసిలిన మనుషుల మెదళ్ళలో ఒకరి అచ్చు ఒకరిలో పడి ఉంటుందని ఆమె కనిపెట్టింది. మందులకు అందనంత లోతుకు జారిపోయిన మనిషికి, తనతో బతికిన మనిషి మెదడులోంచి ఆ అచ్చును తీసి అందిస్తే, తన బతుకు చప్పుడు తానే విని పైకి వస్తుంది. కాకినాడలో ఒక ఆసుపత్రి వెనక రెండు గదుల ప్రయోగశాలలో పుట్టిన ఈ యంత్రం కోసం ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తున్నారు.

అయితే దీనికో మెలిక ఉంది. ఇచ్చిన జ్ఞాపకం ఇచ్చినవాళ్ళ దగ్గర మిగలదు. మొట్టమొదటిసారి ఒక భర్త తన భార్యను వెనక్కి పిలిచాడు. ఆమె కళ్ళు తెరిచి నవ్వితే, ఆయన చేతులు జోడించి, "నమస్కారమండీ, తమరెవరు?" అని అడిగాడు. పేపర్లన్నీ ఆయన్ని ఆకాశానికెత్తేశాయి. త్యాగమూర్తి అన్నారు, సన్మానాలు చేశారు, శాలువాలు కప్పారు. భర్త కదా మరి! అదే పని చేస్తానని మార్తమ్మ వస్తే మాత్రం, "మీకేం అధికారముంది?" అన్నారు.

నూకరత్నం, మార్తమ్మ కలిసి మెయిన్ రోడ్డు సందులో మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నారు. చీర తెచ్చి గుమ్మంలో నిలబడితే చాలు, దానికి సరిపోయే జాకెట్టు ముక్క, లంగా, ఫాల్ చూడకుండానే తీసి ఇవ్వగల మనిషి నూకరత్నం. మిషను మీద కూర్చుని పీకో కొట్టేది మార్తమ్మ. ఇద్దరూ పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడు ఒకే బట్టల కొట్లో సేల్స్‌గర్ల్స్‌గా చేరి, ఆ తర్వాత ఒకే గదిలోకి మారి, అలా అలా జుట్టు నెరిసిపోయే దాకా వచ్చేశారు. వాళ్ళు ఒకరికొకరు ఏమిటని కాళింది ఎప్పుడూ అడగలేదు. అడగాల్సినదేదో ఉందని ఆమెకు తోచనే లేదు. పక్కవాటా ఆవిడ కువైట్ వెళ్తూ, "వచ్చేదాకా చూస్తుండండమ్మా," అని వదిలి వెళ్ళిన పిల్ల కాళింది. ఆవిడ మళ్ళీ రాలేదు. కాళింది "అమ్మా" అని పిలిస్తే వంటింట్లోంచి ఒకరు, కొట్లోంచి ఒకరు, ఇద్దరూ పలికేవారు.

పోయిన మంగళవారం నూకరత్నం ఎవరిదో వంగపండు రంగు చీరకు ఫాల్ వెతుకుతూ, అలాగే పక్కకు ఒరిగిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. మార్తమ్మ ఆటోలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. కౌంటర్లో కుర్రాడు అడిగాడు.

"పేషెంటు మీకేమవుతారండీ?"

"మా మనిషండీ."

"అది కాదమ్మా. వరసేంటి?"

మార్తమ్మ నోరు పెగల్లేదట. ఈ మాట విన్నప్పుడు కాళిందికి ఏడవాలో అరవాలో తెలియలేదు. మనకు పాలు పోసేవాడు బాబాయ్. ఆటో నడిపేవాడు అన్నయ్య. బస్సులో సీటు కోసం కొట్లాడే ఆవిడ కూడా "వదినా, కాస్త జరుగు" అంటుంది. దారిన పోయే ప్రతివాడికీ ఓ వరస తగిలించే జాతి, ముప్పొద్దులా ఒకే కుండలో వండుకు తిన్న ఇద్దరు ఆడవాళ్ళకు తగిలించడానికి మాత్రం ఒక్క వరస మిగుల్చుకోలేదు!

వీర్రాజును గదిలోంచి పంపించేసి, కాళింది నేరుగా పరాంకుశం గారి గదికి వెళ్ళింది. ఆయన ప్రయోగశాలకు అధిపతి. మెత్తటి మనిషి, మెత్తగానే గొంతు కోస్తాడు.

"తమ్ముడి దగ్గర ఏమీ లేదు సర్. మార్తమ్మగారిని కూర్చోబెట్టాలి. ఆదివారం దాటితే నూకరత్నంగారి మెదడు ఏ పిలుపూ వినే స్థితిలో ఉండదు."

"నియమం నీకు తెలుసు కదమ్మా. పిలిచేవారు కుటుంబ సభ్యులై ఉండాలి. కుటుంబమంటే రక్తం, లేదా పెళ్ళి. గీత ఎక్కడో ఒకచోట గియ్యాలిగా? గియ్యకపోతే రేపు కిరాయికి పిలిచేవాళ్ళు తయారవుతారు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళ జ్ఞాపకాలు కొనుక్కుంటారు."

ఆ మాటలో నిజం లేకపోలేదు. కాళిందిని మండించింది కూడా అదే. మంచి మాటను తెచ్చి చెడ్డ తలుపుకు తాళంగా వేశారు.

"ఆవిడ కిరాయి మనిషి కాదు సర్. నన్ను పెంచింది."

"చూశావా, అక్కడికే వస్తున్నా," అన్నాడు పరాంకుశం, చల్లగా. "సొంతవాళ్ళ మీద మనం యంత్రం నడపకూడదని ఇంకో నియమముంది. నూకరత్నంగారికి నువ్వు చట్టప్రకారం ఏమీ కావు కాబట్టే నిన్ను నడపనిస్తున్నాను. ఆవిణ్ణి కుటుంబమని నువ్వే అంటే, ముందు నువ్వు ఆ గదిలోంచి బయటకు రావాలి. నడపడం ఇంకెవరికొచ్చు చెప్పు?"

 తనను పెంచిన మనిషికి తను ఏమీ కాదట. కాకపోవడం వల్లే ఆ మనిషి దగ్గర నిలబడనిస్తున్నారట. దీన్ని కూడా ఆయన దయగా చెబుతున్నాడు!

"పైగా," అని ఆయన కొనసాగించాడు, "ఆ మార్తమ్మ నిజం చెప్పే మనిషి కాదు. మన ఆఫీసు వాళ్ళు వాళ్ళున్న పేటల్లో విచారించారు. జగన్నాథపురంలో అక్కాచెల్లెళ్ళమని అద్దెకు దిగారు. తర్వాత రామారావుపేటలో వదినామరదళ్ళమన్నారు. ఇప్పుడున్న ఇంట్లో తోడికోడళ్ళమట, మొగుళ్ళిద్దరూ మస్కట్‌లో ఉన్నారట! ఇంటికో వరస చెప్పిన మనిషిని నేనేం నమ్మను?"

అదంతా కాళిందికి కొత్త కాదు. సామాన్ల రిక్షా బయలుదేరే ముందు నూకరత్నం ఆమెను ఎదురుగా నిలబెట్టి, "ఒసే పిల్లా, ఈ ఇంట్లో మేం తోడికోడళ్ళం. ఎవరైనా అడిగితే బాబాయిలిద్దరూ మస్కట్‌లో ఉన్నారని చెప్పు. పాత ఇంటి వరస ఇక్కడ వాగావో, వీపు చిట్లగొడతాను," అని పాఠం చెప్పేది. మార్తమ్మ నవ్వలేక పొట్ట పట్టుకునేది. అప్పుడది ఆటలాగే ఉండేది. ఇల్లు అద్దెకు దొరకడం కోసం ఇద్దరు పెద్దవాళ్ళు లేని మొగుళ్ళను పుట్టించుకోవలసి వచ్చిందని అప్పుడామెకు తెలియదు.

"ఆ అబద్ధాలు వాళ్ళవి కావు సర్," అంది కాళింది. ఈసారి కోపాన్ని దాచుకోలేదు. "అడిగినవాళ్ళవి. వరస చెబితే తప్ప తాళంచెవి ఇవ్వని వాళ్ళవి. అప్పుడు అబద్ధం చెప్పించుకుని ఇల్లిచ్చారు. ఇప్పుడు అబద్ధం చెప్పిందని మనిషిని చావమంటున్నారు. మీరు గీసిన గీత లోపల ఉన్న తమ్ముడికి గుర్తున్నది ఓ కంచం సర్, కంచం! గీత బయట ఉన్న మనిషి తల నిండా మా అమ్మ ఉంది."

"రేపు పొద్దున్న తమ్ముడు సంతకం పెడితే గొట్టాలు తీసేద్దాం," అన్నాడు పరాంకుశం. "నీకు విశ్రాంతి అవసరం."

ఆమె విసురుగా బయటకు వచ్చేసరికి వరండాలో మార్తమ్మ పక్కన వీర్రాజు కూర్చుని ఉన్నాడు. ఇద్దరి చేతుల్లోనూ టీ గ్లాసులున్నాయి. అతను నేల చూపులు చూస్తూ అడుగుతున్నాడు.

"మా అక్క నా ఊసెప్పుడైనా ఎత్తేదాండీ?"

"ఎత్తకపోవడమేంటండీ," అంది మార్తమ్మ. "అన్నంలో నెయ్యి వేసుకున్నప్పుడల్లా తిట్టేది. ఇంట్లో నెయ్యంతా మీ కంచంలోనే పోసేవారంట కదా, ఆడపిల్లని దానికి వాసన కూడా చూపించేవారు కాదంట. తిట్టి తిట్టి, ఆఖర్న, 'వాడు మాత్రం అమ్మ అటు తిరగ్గానే ఓ ముద్ద నా నోట్లో పెట్టేవోడే,' అనేది."

వీర్రాజు తలెత్తి చూశాడు. "అది నాకు గుర్తులేదండీ."

"దానికి గుర్తుందండీ. చెప్పి చెప్పి నాకూ గుర్తుండిపోయింది."

అంత మనిషీ టీ గ్లాసు కింద పెట్టి, కండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. తన చిన్నతనంలో ఉన్న ఒకే ఒక్క మంచి ముద్ద, తానెరగని ఒక ఆడమనిషి దగ్గర భద్రంగా ఉంది. కాసేపటికి ముక్కు చీదుకుని కాళింది వైపు తిరిగాడు.

"డాక్టరమ్మగారూ, నేను సంతకం పెట్టనండి. ఈవిణ్ణి కూర్చోబెట్టండి ఆ కుర్చీలో."

"నియమం ఒప్పుకోదంటున్నారండీ."

"ఆ నియమం మీద మన్నుబడ! రక్తం నాదే కదండీ, ఆ రక్తమే చెబుతోంది. మీరు లోపలికెళ్ళండి. ఎవడొస్తాడో నేను చూస్తాను."

మర్నాడు పొద్దున్న, నర్సులు డ్యూటీలు మారే వేళ, వరండా నిండా జనం ఉండగానే కాళింది మార్తమ్మ చెయ్యి పట్టుకుని ప్రయోగశాలలోకి నడిచింది. దొంగతనంగా చేయడం ఆమెకు ఇష్టం లేకపోయింది. లోపల గడియ వేసింది. బయట వీర్రాజు కుర్చీ లాక్కుని తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు.

"అమ్మా, ఒక మాట విను," అంది కాళింది టోపీ సవరిస్తూ. "నువ్విచ్చింది నీ దగ్గర ఉండదు. ఎంతివ్వాల్సి వస్తుందో నాకూ తెలీదు."

"అంటే, ఈ చీరలోంచి దారం లాగి ఆ చీరకు కుట్టినట్టన్నమాట."

"అంతే. ఆమె లేచేసరికి ఆమె ఎవరో నీకు తెలియకపోవచ్చు."

మార్తమ్మ మంచం వైపు చూసింది. "అది ఉండి నాకు గుర్తులేకపోతే మళ్ళీ చూసి తెలుసుకుంటాను. అది లేకుండా ఈ గుర్తులన్నీ పెట్టుకుని నేనేం చేసుకోవాలే? కానీ."

మొదట బట్టల కొట్లో చేరిన రోజు తలుచుకుంది. బట్టల తాను సరిగ్గా చుట్టడం రాక మార్తమ్మ తంటాలు పడుతుంటే, ఎవరో పొడుగుజడ పిల్ల చేతిలోంచి లాక్కుని, "అలా కాదెహె, ఇలా," అని చుట్టి పెట్టింది. తెర మీద గీత ఉలిక్కిపడింది. తర్వాత గది పంచుకున్న కొత్తలో పులుసులో బెల్లం వేసినందుకు జరిగిన కొట్లాట. నూకరత్నం గరిటె విసిరేసి, "ఇది పులుసా, పాయసమా?" అని అరిచిన అరుపు. గీత గెంతింది. ప్రేమగా ఉన్నవాటి కంటే పోట్లాడుకున్నవాటికే అది ఎక్కువ ఎగురుతోంది. కాళింది కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

ఒక్కొక్కటీ ఇస్తుంటే మార్తమ్మ మొహంలోంచి ఏదో తేలికగా జారిపోతోంది. తుఫాను రోజున కొట్లోకి నీళ్ళొచ్చి, చీరలన్నీ నెత్తిన పెట్టుకుని ఇద్దరూ బల్ల మీద నిలబడింది పోయింది. గవదబిళ్ళలు వచ్చి మొహం వాచిపోతే ఒకరినొకరు వెక్కిరించుకుంది పోయింది. గీత ఎక్కి ఎక్కి, ఒకచోట నిలబడిపోయింది. ఇంకొంచెం కావాలి.

మిగిలినవి ముగ్గురూ ఉన్నవి. కాళిందికి అమ్మవారు పోసినప్పుడు చెరో పక్కన కూర్చుని వేపమండలతో విసిరింది, బడి మొదటిరోజున చెరో చెయ్యి పట్టుకుని నడిపించింది. అవి ఇచ్చేస్తే మార్తమ్మ దగ్గర కాళింది బాల్యం సగానికి సగం చెరిగిపోతుంది. కాళింది చెయ్యి మీట మీద ఆగిపోయింది. బయట పరాంకుశం గొంతు వినబడుతోంది, తలుపు తీయమని. వీర్రాజు గొంతు అంతకంటే పెద్దగా వినబడుతోంది.

"లోపల మావాళ్ళున్నారండి! పని అవ్వనివ్వండి!"

"ఆగావేంటే?" అంది మార్తమ్మ కళ్ళు తెరవకుండానే. "దానికి వినబడుతోందా?"

"వినబడుతోంది. చాలట్లేదు. ఇంక ఉన్నవి నావి కూడా కలిసినవమ్మా."

"నీవైతే నీ దగ్గర ఉంటాయిగా. నాకు నువ్వు చెబుదువు గాని. పిలు."

కాళింది మీట నొక్కింది. ఆ పని ఆమె చేతులతో ఆమే చేసింది. తనతో ఆ పని చేయించిన కోపం ఎవరి మీద తీర్చుకోవాలో ఆమెకు బాగా తెలుసు.

మంచం మీద నూకరత్నం వేళ్ళు కదిలాయి. పెదవులు తడబడ్డాయి. "ఏంటే ఆ గోల..." అంది, ముద్దముద్దగా.

మార్తమ్మ టోపీ తీసేసి లేచి, మంచం మీది మనిషిని జాలిగా చూసింది. "ఎవరమ్మా ఈవిడ? బాగా నీరసించిపోయారు పాపం. కాసిని మంచినీళ్ళియ్యి."

తర్వాత జరిగినది చెబితే నోరు చేదవుతుంది. కాళిందిని ఉద్యోగంలోంచి తప్పించి విచారణ మొదలుపెట్టారు. వైద్య ప్రపంచంలో ఇంత బలమైన పిలుపు ఇంతవరకూ లేదని అదే ఆసుపత్రి గొప్పగా ప్రకటించుకుంది. ఆ పిలుపు పిలిచిన మనిషిని మాత్రం, రోగికి ఏమీ కారు కాబట్టి, రోజూ వరండాలోనే కూర్చోబెట్టింది. ఎందుకు కూర్చుందో మార్తమ్మకు సరిగ్గా తెలియదు. కొట్టు గుర్తుంది. కొట్లో రెండో కుర్చీ ఎవరిదో గుర్తులేదు. కాళింది గుర్తుంది, అక్కడక్కడ చిరుగులతో. కూతురు రమ్మన్నందుకు వస్తోంది, కూర్చుంటోంది.

నూకరత్నానికి సంగతి కాళిందే చెప్పింది. ఆమె ముందు నమ్మలేదు. తర్వాత, "నన్నడక్కుండా అంతా ధారపోయమని దానికెవరు చెప్పారే?" అని మంచం దద్దరిల్లేలా తిట్టింది. తిట్టి తిట్టి అలిసి గోడ వైపు తిరిగి పడుకుంది. సాయంత్రానికి మళ్ళీ ఇటు తిరిగి, "ఇంటికి తీసుకుపోండి నన్ను," అంది.

ఇంటికి పంపే రోజున పరాంకుశం స్వయంగా వచ్చాడు. వీర్రాజు, కాళింది మంచానికి చెరోవైపు నిలబడ్డారు.

"మీ తమ్ముడుగారితో వెళ్ళండమ్మా," అన్నాడాయన. "అదే సవ్యం. ఆ మార్తమ్మగారికి మీరెవరో కూడా తెలియదు. ఇదివరకు కాగితం మీద బంధం లేదు. ఇప్పుడు మనసులోనూ లేదు. ఇక మిగిలిందేముంది చెప్పండి?"

"అక్క ఇష్టమండి," అన్నాడు వీర్రాజు. "నాతో వస్తే కళ్ళకద్దుకుని తీసుకెళ్తాను. లేదంటే వాళ్ళింట్లో దింపొస్తాను."

నూకరత్నం పరాంకుశాన్ని ఎగాదిగా చూసింది. నాలుక ఇంకా పూర్తిగా తిరగడం లేదు గానీ, తిరిగినంత మేర బాగానే తిరిగింది.

"మీ ఇంటావిడ పెళ్ళికి ముందు మీకేమయ్యేవారండీ?"

"అది వేరు..."

"ఏం వేరండీ? ముక్కూమొహం ఎరగని మనిషిని తెచ్చుకుని మీరు కాపరం చెయ్యలేదా? ఇది కొట్లో చేరిన రోజున నాకు మాత్రం తెలుసా ఎవరో? అప్పుడు నేను తెలుసుకున్నాను. ఇప్పుడది తెలుసుకుంటుంది. మధ్యలో మీకేంటి నొప్పి? పిలవండి దాన్ని."

కాళింది వెళ్ళి మార్తమ్మను లోపలికి తీసుకొచ్చింది. పెద్దమనుషులున్నారని మార్తమ్మ కొంగు సర్దుకుని, మంచం పక్కన స్టూలు మీద ఒద్దికగా కూర్చుంది.

"ఎలా ఉందండీ ఒంట్లో?"

"బాగానే ఉంది," అంది నూకరత్నం. ఆ 'అండీ' ఆమెకు ఎక్కడో తగిలింది. కళ్ళు గబగబా ఆర్పింది.

"ఇంటికెళ్ళిపోతున్నారంట కదా. మంచిదండీ. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నువ్వుంటావు."

మార్తమ్మ కాళింది వైపు చూసింది. కాళింది అవునన్నట్టు తలూపింది. మార్తమ్మ నూకరత్నాన్ని, తర్వాత తలుపు బయటి వరండాను చూసింది.

"మరైతే ఇన్నాళ్ళూ నన్ను బయటెందుకు కూర్చోబెట్టారండీ?"

"వాళ్ళనే అడుగు," అంది నూకరత్నం.